పాఠం మీద కత్తెర పడితే ఉపాధ్యాయుడు ఏం చేయాలి?

మన సంఘాల్లో ఉపాధ్యాయులు ఎక్కువ. ఏ పల్లెకు వెళ్ళినా, ఆరాధన ముగిశాక చెట్టు కింద నిలబడి మాట్లాడుకొనేవారిలో ఒకరైనా బడిపంతులు ఉంటారు. వారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. “అయ్యగారూ, ఫలానా పాఠం పిల్లలకు చెప్పవద్దని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?” తల్లిదండ్రులు అడిగే ప్రశ్న వేరు. “అయ్యగారూ, మా పిల్లవాని పుస్తకంలో మన విశ్వాసానికి సరిపడని సంగతి ఉంది. ఆ పాఠం తీయించమని బడికి వెళ్ళి అడగవచ్చునా?”

ఈ రెండు ప్రశ్నలూ ఒకే తలుపుకు రెండు వైపులు. లోపల నిలబడినవారు ఉపాధ్యాయులు, బయట నిలబడి తట్టేవారు తల్లిదండ్రులు. మన ఇళ్ళలో ఇద్దరూ ఉన్నారు గనుక ఇద్దరినీ దృష్టిలో పెట్టుకొని ఈ నెల ఈ విషయం వ్రాస్తున్నాము.

సినిమాకు సెన్సారు ఉంటుందని అందరికీ తెలుసు. బడిలో కూడా సెన్సారు ఉంటుంది. అది నాలుగు రకాలుగా వస్తుంది. లైబ్రరీ బీరువాలోంచి పుస్తకం మాయమవుతుంది. పాఠ్యపుస్తకంలోంచి పాఠం ఎగిరిపోతుంది. ఫలానా సంగతి తరగతిలో ఎత్తవద్దని ఉపాధ్యాయునికి మాట వస్తుంది. నాలుగవది ఎవరి కంటికీ కనబడదు. ఎవరూ ఏమీ అనకముందే ఉపాధ్యాయుడు భయపడి ఆ పేజీలు తిప్పేస్తాడు.

ఇలాంటి వేళ ఎదురుతిరిగి తగవు పెట్టుకోవడం ఒక్కటే మార్గం అనుకొనేవారు కొందరు. తలవంచుకొని చెప్పినట్టు చేయడమే మేలు అనుకొనేవారు చాలామంది. ఈ రెంటికీ నడుమ నెమ్మదిగా, న్యాయంగా నడిచే ఒక క్రమం ఉంది. దాన్ని నష్టపోయి నేర్చుకొన్నవారు అమెరికా దేశపు ఉపాధ్యాయులు. అక్కడ చాలా జిల్లాలకు ప్రజలు ఎన్నుకొన్న బోర్డు ఉండి బడుల వ్యవహారం నడుపుతుంది. అందుచేత పుస్తకాల మీద తగవులు అక్కడ బహిరంగంగా జరుగుతాయి. ముందు అక్కడి సంగతులు చెప్పి, తరువాత మన బడుల దగ్గరకు వస్తాము.

బైబిలు మీదనే ఫిర్యాదు

అమెరికాలో యూటా అనే రాష్ట్రం ఉంది. బడి లైబ్రరీల్లో అసభ్యమైన పుస్తకాలు ఉండకూడదని అక్కడి శాసనసభ 2022లో ఒక చట్టం చేసింది. తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తే ఆ పుస్తకాన్ని పరిశీలించవలసి ఉంటుంది. భక్తిగల కుటుంబాలు చాలామట్టుకు ఈ చట్టాన్ని మెచ్చుకొన్నాయి.

ఆ సంవత్సరం డిసెంబరులో డేవిస్ అనే విద్యా జిల్లాకు ఒక ఫిర్యాదు వచ్చింది. దాన్ని పంపినవారికి ఈ చట్టం నచ్చలేదు. వారు ఫిర్యాదు చేసిన పుస్తకం పరిశుద్ధ గ్రంథం. అందులో వ్యభిచారం, బలాత్కారం, హత్యలు ఉన్నాయని, మీ చట్టం ప్రకారం దీన్నీ తీసివేయండని పేజీలకు పేజీలు వ్రాసి పంపారు. పరిశీలన సంఘం కూర్చొని చదివింది. చట్టం చెప్పిన అశ్లీలత ఇందులో లేదని, అయితే హింస ఉన్నందున చిన్న పిల్లలకు తగదని తేల్చింది. 2023లో ఆ జిల్లాలోని ప్రాథమిక, మాధ్యమిక బడుల నుండి బైబిలును తీయవలసిందిగా నిర్ణయం వెలువడింది. పెద్ద తరగతుల బడుల్లో మాత్రం ఉంచారు. దీని మీద ఎన్నో అప్పీళ్ళు వచ్చాయి. అదే జూన్ 20న జిల్లా బోర్డు ఆ నిర్ణయాన్ని ఏకగ్రీవంగా రద్దు చేసి బైబిలును తిరిగి ఉంచింది.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఇష్టం లేని పుస్తకాన్ని తీయించడానికి ఒక కత్తి తయారు చేస్తే, ఆ కత్తికి మన పుస్తకం, పరుల పుస్తకం అనే తేడా తెలియదు. ఏ పిడి ఎవరి చేతికి వస్తుందో ఎవరికీ తెలియదు. అలాగని పిల్లల చేతికి ఏ పుస్తకమైనా ఇవ్వవచ్చునని మేము అనడం లేదు. వయసుకు తగిన పుస్తకం ఎంచి ఇవ్వడం ఉపాధ్యాయుని పనే. ఆరేళ్ళ పిల్లకు ఏది ఇవ్వాలో, పదహారేళ్ళ పిల్లకు ఏది ఇవ్వాలో ఎంచడం వేరు. నాకు నచ్చని తలంపు ఎవరి పిల్లలకూ చేరకూడదని తీసివేయించడం వేరు.

చిలికి చిలికి గాలివాన

ఇది కొత్త సంగతి కాదు. పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో కనావా అనే కౌంటీ ఉంది. చార్లెస్టన్ పట్టణం, దాని చుట్టూ కొండలు, కొండల మధ్య బొగ్గు గనులు, గని కార్మికుల చిన్న చిన్న సంఘాలు. మన పల్లె సంఘాల వంటివే.

1974లో అక్కడి బడుల కోసం ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు మూడు వందలకు పైగా ఎంపిక చేశారు. ఎంపిక చేసినవారు ఉపాధ్యాయులు. బోర్డు సభ్యురాలు ఒకామె, ఒక పాస్టరుగారి భార్య, వాటిని చదివి అభ్యంతరం చెప్పారు. కొన్ని రచనల్లో మొరటు మాటలు ఉన్నాయి. నల్లజాతి రచయితలు కోపంతో వ్రాసినవి ఉన్నాయి. బైబిలు కథలను కల్పిత కథల పక్కన పెట్టి పోల్చమన్న అభ్యాసాలు ఉన్నాయి. జూన్‌లో బోర్డు ఓటు వేసింది. ముగ్గురు ఒక వైపు, ఇద్దరు ఒక వైపు. చాలామట్టుకు పుస్తకాలు కొనడానికే తీర్మానం అయింది.

సెప్టెంబరులో బడులు తెరవగానే గాలివాన మొదలైంది. వేలమంది తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపలేదు. గని కార్మికులు పని మానివేశారు. కాల్పులు జరిగాయి. బడుల మీద, చివరికి విద్యాబోర్డు కార్యాలయం మీద కూడా డైనమైటు పేల్చారు. ఈ కుట్రలో పాలున్నదని ఒక బోధకునికి జైలుశిక్ష పడింది. నవంబరులో బోర్డు ఎక్కువ పుస్తకాలను తిరిగి తరగతులకు పంపింది. ఇంతా జరిగాక పిల్లలకు మిగిలింది ఏమిటి? పోయిన పాఠాలు, ఊరంతా పగ.

ఇక్కడ తప్పు ఒకవైపే ఉందని మేము అనుకోము. బోధకుడు డైనమైటు వైపు చూడడం ఎంతటి పతనమో చెప్పనక్కరలేదు. కాని కొండల్లో ఉన్న ఆ తల్లిదండ్రులకు పుస్తకాల సంగతి ఎప్పుడు తెలిసింది? ఎంపిక అయిపోయాక తెలిసింది. తమను లెక్కలోకి తీసుకోలేదన్న బాధ వారిలో ఉంది. అడగకుండా చేసిన మంచి పని కూడా చెడ్డ పనిలాగే కనబడుతుంది. ఉపాధ్యాయులు నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే. అభ్యంతరం వచ్చాక మాట్లాడడం కంటే, రాకముందే తల్లిదండ్రులను పిలిచి పుస్తకం చూపించడం మేలు.

సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన పదకొండు పుస్తకాలు

కనావా తగవు జరిగిన మరుసటి సంవత్సరం, 1975లో, న్యూయార్క్ రాష్ట్రంలోని ఐలాండ్ ట్రీస్ అనే విద్యా జిల్లాలో ఇంకొక తగవు పుట్టింది. బోర్డు సభ్యులు ముగ్గురు ఒక తల్లిదండ్రుల సంఘపు సమావేశానికి వెళ్ళి, అభ్యంతరకరమైన పుస్తకాల జాబితా ఒకటి తెచ్చుకొన్నారు. తమ బడుల్లో వెదికితే ఆ జాబితాలోని పదకొండు పుస్తకాలు దొరికాయి. 1976లో వాటిని తీయమని ఆజ్ఞ వేశారు. అవి దేశానికి, క్రైస్తవులకు, యూదులకు వ్యతిరేకమైనవని, బూతులతో నిండినవని పత్రికలకు ప్రకటన ఇచ్చారు. ఆ పదకొండింటిలో రిచర్డ్ రైట్ వ్రాసిన ‘బ్లాక్ బాయ్’ ఒకటి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఆకలితో, అవమానంతో పెరిగిన ఒక నల్లజాతి బాలుని ఆత్మకథ అది.

ఆ జిల్లా విద్యాధికారి చేసిన పని ఉపాధ్యాయులందరూ గుర్తుంచుకోదగినది. ఆయన కేకలు వేయలేదు, తలా ఊపలేదు. ఇలాంటి ఫిర్యాదులకు మనకు ఇదివరకే ఒక నియమం ఉన్నది, సంఘాన్ని వేసి పరిశీలింపజేయండని బోర్డుకు వ్రాతపూర్వకంగా తెలిపారు. చివరికి బోర్డు నలుగురు తల్లిదండ్రులు, నలుగురు బడి సిబ్బందితో ఒక సంఘం వేసింది. వారు చదివి, కొన్ని ఉంచండి, రెండు తీయండి, ఒకటి తల్లిదండ్రుల అనుమతితో ఇవ్వండి అని చెప్పారు. బోర్డు ఆ మాట వినలేదు. ఒక్కటి మాత్రం తిరిగి ఇచ్చి, ఒకటి అనుమతితో ఇవ్వవచ్చునని, మిగతా తొమ్మిదీ తీసివేసింది.

స్టీవెన్ పికో అనే విద్యార్థి, మరి నలుగురు విద్యార్థులు కోర్టుకు వెళ్ళారు. 1982 జూన్ 25న ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తొమ్మిదిమందిలో అయిదుగురు విద్యార్థుల వైపు నిలిచారు. కేవలం అందులోని అభిప్రాయాలు తమకు నచ్చలేదన్న కారణం చేత బడి లైబ్రరీ నుండి పుస్తకాన్ని తొలగించే అధికారం బోర్డుకు లేదని ముఖ్య తీర్పు వ్రాసిన న్యాయమూర్తి బ్రెనన్ అన్నారు. ఆగస్టులో బోర్డు పుస్తకాలను తిరిగి ఇవ్వడానికి తీర్మానించింది. మొదట పుస్తకం తీసినప్పుడు బడిలో ఉన్న పిల్లలు అప్పటికి బడి దాటి వెళ్ళిపోయారు. కోర్టులో గెలిచినా పోయిన ఆరేళ్ళు తిరిగి రావు. అందుకే కోర్టు మెట్లు ఎక్కకముందే బడిలో సర్దుకొనే క్రమం కావాలి.

వారు నేర్చుకొన్న క్రమం

అమెరికాలోని ఇంగ్లీషు ఉపాధ్యాయుల జాతీయ సంఘం 1962లోనే ఇలాంటి సందర్భాల కోసం ఒక మార్గదర్శిని ప్రచురించింది. గ్రంథాలయాల వారి నియమావళి 1939 నాటిది. వీటిలో ఉన్న తెలివిని మన బడులకు సరిపడేలా ఇక్కడ చెబుతున్నాము.

మొదటిది. ఎవరూ అడగకముందే కారణం వ్రాసి పెట్టుకోండి. లైబ్రరీకి ఈ పుస్తకం ఎందుకు తీసుకొన్నాం? ఏ వయసువారికి? దీనివల్ల పిల్లలు ఏం నేర్చుకొంటారు? నాలుగు వాక్యాలు చాలు. అడిగిన తరువాత వెదికే కారణం సాకులాగా వినబడుతుంది.

రెండవది. ఫిర్యాదు తెచ్చినవారికి కుర్చీ వేయండి. సగం తగవులు గుమ్మంలో నిలబెట్టి మాట్లాడడం వల్ల పుడతాయి. మంచినీళ్ళు ఇచ్చి, ఏ పేజీలో ఏముందో చూపించమనండి. పూర్తిగా వినండి. ఆ చోటనే తీసేస్తామని గాని, తీయమని గాని మాట ఇవ్వకండి.

మూడవది. ఫిర్యాదును కాగితం మీద వ్రాయించండి. పుస్తకం మొత్తం చదివారా? ఏ భాగం బాధ కలిగించింది? అది చదివితే పిల్లలకు ఏమవుతుందని భయం? దానికి బదులు ఏ పుస్తకం ఉండాలంటారు? వ్రాయడం రానివారికి మీరే వ్రాసి చదివి వినిపించండి. ఎవరో చెప్పగా విని వచ్చినవారు చాలామంది ఈ మెట్టు దగ్గరే నెమ్మదిస్తారు. నిజమైన బాధ ఉన్నవారి మాట స్పష్టంగా బయటకు వస్తుంది.

నాలుగవది. ఒక్కరే తేల్చకండి. ప్రధానోపాధ్యాయుడు, సబ్జెక్టు తెలిసినవారు, తల్లిదండ్రులు కలిసి చదవాలి. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం ప్రభుత్వ పాఠశాలలకు యాజమాన్య కమిటీలు ఉండాలన్నది. వాటిలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. అందులో మన సంఘస్థులు సభ్యులుగా ఉన్న ఊళ్ళు లేకపోలేదు. ఆ కమిటీ బియ్యం, బెంచీలు చూసుకోవడానికే కాదు, ఇలాంటి మాట నెమ్మదిగా మాట్లాడుకోవడానికి కూడా పనికి వస్తుంది.

అయిదవది. నిర్ణయం అయ్యేవరకు పుస్తకం ఉన్న చోటనే ఉండాలి. నేరం రుజువు కాకముందే శిక్ష వేయడం మనుషుల విషయంలో తప్పయితే పుస్తకాల విషయంలోనూ తప్పే.

బాధపడ్డవారి మాట

అయితే ఒక హెచ్చరిక. ఫిర్యాదు చేసిన ప్రతివారినీ అజ్ఞానులని తీసిపారేయకూడదు. మన దేశంలో 2012లో జరిగిన సంగతి దీనికి ఉదాహరణ. జాతీయ విద్యా పరిశోధన మండలి, అంటే ఎన్.సి.ఇ.ఆర్.టి., 2006లో ప్రచురించిన పదకొండవ తరగతి రాజనీతి పుస్తకంలో ఒక పాత కార్టూను ఉంది. 1949లో శంకర్ గీసినది. రాజ్యాంగ రచన నెమ్మదిగా సాగుతున్నదని చెప్పడానికి నత్త మీద అంబేద్కరుగారిని కూర్చోబెట్టి, వెనుక నెహ్రూగారి చేతికి కొరడా ఇచ్చారు. ఆ సంవత్సరం మే నెలలో పార్లమెంటులో గొడవ జరిగింది. ప్రభుత్వం కార్టూను తీసివేస్తామన్నది. ఆ పుస్తకానికి ముఖ్య సలహాదారులైన సుహాస్ పల్షికర్, యోగేంద్ర యాదవ్ రాజీనామా చేశారు. మరునాడు పూణెలో పల్షికర్ గారి కార్యాలయం మీద దాడి జరిగింది.

మన సంఘాల్లో అంబేద్కరుగారి పటం లేని ఇళ్ళు ఎన్ని? తరతరాలుగా కొరడా దెబ్బల కథలు విన్న ఇంటి పిల్లవానికి ఆ బొమ్మ నవ్వు పుట్టించదు. పుస్తకం వ్రాసినవారికి అవమానించే తలంపు లేకపోవచ్చు. బొమ్మ చూసినవారి బాధ కూడా అబద్ధం కాదు. తరగతిలో ఉన్న ఉపాధ్యాయుడు ఈ రెండు మాటలూ పిల్లల ముందు పెట్టగలడు. ఈ బొమ్మ ఎప్పుడు గీశారు? ఎవరిని నవ్వించడానికి? మీ ఇంట్లో దీన్ని చూస్తే ఏమంటారు? అలా అడిగిన పాఠంలో అంబేద్కరుగారి గౌరవం పెరిగేదే గాని తరిగేది కాదు. బొమ్మ తీసివేస్తే ఆ మాటలు మాట్లాడుకొనే అవకాశం కూడా పోతుంది. కార్యాలయం మీద దాడి చేస్తే బాధలో ఉన్న న్యాయం కూడా పోతుంది.

ఒక్క బిడ్డకు వెసులుబాటు

తల్లిదండ్రుల మనస్సాక్షికి విలువ లేదా? ఉంది. మన రాజ్యాంగం 28వ అధికరణంలో ఆ విలువ వ్రాసి ఉంది. ప్రభుత్వ గుర్తింపు గాని, సహాయం గాని ఉన్న విద్యాసంస్థలో ఏ బిడ్డనూ తల్లిదండ్రుల అంగీకారం లేకుండా మతబోధకు, ఆరాధనకు హాజరు కమ్మని నిర్బంధించకూడదు. మన మిషను బడుల్లో చదివే ఇతర మతాల పిల్లలకు కూడా ఇదే రక్షణ.

కేరళలో 1985లో ముగ్గురు తోబుట్టువులను బడి నుండి తీసివేశారు. వారు యెహోవా సాక్షుల ఇంటివారు. జాతీయగీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడేవారు గాని, తమ విశ్వాసం చొప్పున పాడేవారు కారు. 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకొమ్మని తీర్పు ఇచ్చింది. వారి సిద్ధాంతం మనది కాదు. కాని ఆ పిల్లలు అడిగింది ఎంతో చూడండి. మేము పాడలేము అన్నారు, మిగతావారు పాడకూడదని అనలేదు.

ఉపాధ్యాయులకు ఇది మంచి కొలబద్ద. తన బిడ్డ కోసం అడిగేవారికి వీలైనంతవరకు వెసులుబాటు ఇవ్వండి. లైబ్రరీ పుస్తకమైతే వేరొకటి ఇవ్వండి. ప్రాజెక్టు పని అయితే వేరొక అంశం ఇవ్వండి. ఊరందరి బిడ్డల కోసం తానే నిర్ణయిస్తానంటే మాత్రం, “అందరి సంగతి కమిటీలో మాట్లాడుకొందాం” అని మర్యాదగా చెప్పండి.

పైనుంచి పాఠం పోయినప్పుడు

మన బడుల్లో పుస్తకం ఎంచేది ఉపాధ్యాయుడు కాదు. ప్రభుత్వం ఎంచుతుంది, ప్రభుత్వం తీస్తుంది. కోవిడు తరువాత పిల్లల మీద భారం తగ్గిస్తున్నామని ఎన్.సి.ఇ.ఆర్.టి. 2022లో చాలా భాగాలు తొలగించింది. 2023లో కొత్త పుస్తకాలు వచ్చేసరికి పదవ తరగతి విజ్ఞానశాస్త్రంలో జీవపరిణామం లేదు. మూలకాల వర్గీకరణ లేదు. పన్నెండవ తరగతి చరిత్రలో మొగలాయి దర్బారుల పాఠం లేదు. పదవ తరగతిలో ప్రజా పోరాటాల పాఠం, ప్రజాస్వామ్యానికి ఎదురయ్యే సవాళ్ళ పాఠం లేవు.

విద్యావంతులు దీనికి ఎలా స్పందించారు? 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు పరిణామ పాఠం తిరిగి పెట్టమని బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. రాజనీతి పుస్తకాల మీద తమ పేర్లు తీసివేయమని పల్షికర్, యాదవ్ కోరారు. కేరళ ప్రభుత్వం అదే ఆగస్టులో పదకొండు, పన్నెండు తరగతులకు అనుబంధ పుస్తకాలు అచ్చువేసి, పోయిన భాగాలను పిల్లల చేతికి ఇచ్చింది.

జీవపరిణామం పోయిందంటే సంతోషించిన విశ్వాసులు కొందరు ఉన్నారని మాకు తెలుసు. వారితో ఒక్క మాట. పన్నెండవ తరగతి జీవశాస్త్రంలో ఆ పాఠం ఉంది. వైద్యం చదవాలనుకొనే మీ అమ్మాయి అక్కడ దాన్ని చదవక తప్పదు. పదవ తరగతితో సైన్సు మానేసే పిల్లలకు మాత్రం అది ఎన్నటికీ తెలియదు. శాస్త్రం ఏం చెబుతుందో బడిలో నేర్చుకోనివ్వండి. విశ్వాసం ఏం చెబుతుందో ఇంట్లో నేర్పండి. ఒక పాఠం వినగానే కూలిపోయే విశ్వాసమైతే, పాఠం తీసివేసినందువల్ల అది బలపడదు.

పల్లెబడి ఉపాధ్యాయుడు ఏం చేయగలడు? పరీక్షలో లేదన్నంత మాత్రాన పిల్లవాడు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకూడదని అర్థం కాదు. పాత పుస్తకాలు పారేయకుండా లైబ్రరీలో ఉంచవచ్చు. సబ్జెక్టు సమావేశాల్లో, ఉపాధ్యాయ సంఘాల్లో మాట లేవనెత్తవచ్చు. ప్రభుత్వోద్యోగులకు సేవా నియమాలు ఉన్నాయి గనుక పత్రికలకు ఎక్కే ముందు పెద్దల సలహా తీసుకోండి. ఏం చేసినా ఒంటరిగా చేయకండి. ఒక్కరి మాటను బదిలీ చేయవచ్చు, పదిమంది సంతకాలను బదిలీ చేయడం కష్టం.

మన చేతిలోని కత్తెర

ఇన్ని చెప్పినా, మన బడుల్లో ఎక్కువ పాఠాలు పోయేది ప్రభుత్వం వల్ల కాదు, ఊరివారి వల్ల కాదు. ఉపాధ్యాయుల సిగ్గు వల్ల, భయం వల్ల పోతాయి. పదవ తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే “ఇది మీరే చదువుకోండి” అనే మాట ఎంతమంది పిల్లలు వినలేదు? 2007లో కౌమార విద్యా కార్యక్రమాన్ని మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు ఆపివేశాయి. అది పైనుంచి వచ్చిన కత్తెర. పేజీ తిప్పేయడం మన చేతి కత్తెర. పిల్లకు కలిగే నష్టం రెంటిలోనూ ఒకటే.

ఆ నష్టం చిన్నది కాదు. తన శరీరం సంగతి తెలియని ఆడపిల్ల మొదటిసారి రక్తం చూసి జబ్బు చేసిందని వణికిపోతుంది. ఎవరైనా చెడుగా తాకితే ఆ పసివానికి చెప్పుకోవడానికి మాటలు ఉండవు. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించడానికి 2012లో పోక్సో చట్టం వచ్చింది. మంచిదే. కాని జరిగింది నోరు విప్పి చెప్పలేని బిడ్డకు ఏ చట్టం సహాయపడుతుంది?

ఈ పాఠం చెప్పడానికి కొన్ని సులువులు ఉన్నాయి. పాఠం మొదలుపెట్టే వారం ముందే తల్లులను పిలిచి పుస్తకం చూపించండి. చాలామంది అడ్డు చెప్పరు, తాము చెప్పలేనిది మీరు చెబుతున్నందుకు సంతోషిస్తారు. అవసరమైతే ఆడపిల్లలకు ఉపాధ్యాయినితో విడిగా చెప్పించండి. పుస్తకంలో ఉన్న మాటలనే వాడండి. పెట్టె ఒకటి పెట్టి, పేరు వ్రాయకుండా చీటీల మీద ప్రశ్నలు వేయమనండి. మరునాడు ఒక్కొక్కటే చదివి జవాబు చెప్పండి. నవ్వులు మొదటి పది నిమిషాలే ఉంటాయి.

తల్లిదండ్రులకు, సంఘ పెద్దలకు

బడి గుమ్మం తొక్కే ముందు మిమ్మల్ని మీరు మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను ఈ పాఠం పూర్తిగా చదివానా? నా బిడ్డతో దీని గురించి మాట్లాడానా? నేను అడిగేది నా బిడ్డ కోసమా, అందరి బిడ్డల కోసమా? ఈ మూడింటికీ జవాబు ఉంటే తప్పక వెళ్ళండి. అడగడం మీ హక్కు. గుంపుతో వెళ్ళకండి, ఇద్దరు చాలు. సాటి పాస్టర్లకు కూడా ఒక మనవి. మనం చదవని పుస్తకం మీద ప్రసంగ వేదిక నుండి మాట పడనివ్వకూడదు. అక్కడ జారిన మాట సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది.

యూదా రాజు యెహోయాకీము కథ మీకు తెలిసినదే. చలికాలంలో కుంపటి ముందు కూర్చొని, యిర్మీయా ప్రవక్త చెప్పి వ్రాయించిన గ్రంథాన్ని చదివించుకొంటూ, చదివిన కొద్దీ చాకుతో కోసి నిప్పుల్లో వేశాడు. లేఖికుడైన బారూకు రాజుతో కత్తిసాము చేయలేదు, భయపడి కలమూ పారేయలేదు. ప్రవక్త చేతికిచ్చిన ఇంకొక చుట్ట తీసుకొని, ఆయన చెబుతుండగా మొదటినుండి మళ్ళీ వ్రాశాడు. మొదట లేని మాటలు కూడా అందులో చేరాయి.

పాఠం మీద కత్తెర పడిన రోజున ఉపాధ్యాయునికి ఉన్న పని కూడా అదే. కారణం వ్రాసి పెట్టుకోవాలి. వచ్చినవారి మాట వినాలి. పదిమందిని కలుపుకోవాలి. రేపు తరగతిలో చేయి ఎత్తి ప్రశ్న అడిగే బిడ్డకు జవాబు చెప్పాలి.